రెక్కల బాకీ

2014 ఏప్రిల్ నెలాఖరులో అమెరికాలోని టెనెస్సీ కొండల్లో జరిగిన ఒక సంగతి నా మనసులోంచి పోదు. గోల్డెన్ వింగ్డ్ వార్బ్లర్ అనే పిట్టలు చలికాలమంతా దక్షిణ అమెరికాలో గడిపి, గూళ్లు కట్టుకోవడానికి అప్పుడే ఆ కొండలకు చేరాయి. ఒక్కో పిట్ట బరువు 9 గ్రాములకు అటూ ఇటూ. వాటి వలస దారి తెలుసుకుందామని శాస్త్రవేత్తలు అంతకు ముందే కొన్నింటి వీపుకు చిన్న పరికరాలు కట్టారు. ఆ పిట్టలను మళ్లీ పట్టుకుని లెక్కలు చూస్తే, ఆ వైపు వస్తున్న పెద్ద గాలివాన ఇంకా వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే, ఒకటి రెండు రోజుల ముందే, అవి కొండలు వదిలి వెళ్లిపోయినట్టు తేలింది. ఆ గాలివాన 80కి పైగా టోర్నడోలను పుట్టించి, మనుషుల ప్రాణాలు కూడా తీసి వెళ్లింది. అది దాటిపోయాక పిట్టలు తమ కొండలకు తిరిగొచ్చాయి. ఐదు రోజుల్లో 1,500 కిలోమీటర్లు తిరిగాయి. మన చెవికి అందనంత మంద్రస్థాయిలో గాలివాన చేసే ధ్వనిని అవి విని ఉంటాయని ఆ శాస్త్రవేత్తల ఊహ.

అదే ఏడు అక్టోబరు 12న మా విశాఖ మీద హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. ఒమన్ దేశం ఇచ్చిన ఆ పేరు కూడా ఒక పిట్టదే. ఆ రోజు ఊళ్లో ఎన్ని బాల్కనీల్లో, ఎన్ని డాబాల మీద పంజరాలు వేలాడుతున్నాయో లెక్క రాసినవాళ్లు ఎవరూ ఉండరు. వాటిలోని పిట్టలకు కూడా టెనెస్సీ పిట్టలకు వినిపించినట్టే ఏదో వినిపించే ఉంటుంది. కాకపోతే వాటికి ఎగిరిపోయే దారి లేదు. ఆ దారి మూసి తాళం వేసింది మనం.

పక్షిని పెంచుకోవడమంటే నాకు తెలిసిన అర్థం ఇదే. దాని దగ్గర మనం ఆకాశాన్ని అప్పు తీసుకున్నాం. మామూలు రోజుల్లో గింజలు, నీళ్లు, నాలుగు ముద్దు మాటలతో వడ్డీ కడుతుంటాం. తుఫాను వచ్చిన రోజు అసలు కట్టాలి. దాని రెక్కలు చేయాల్సిన పని ఆ రోజు మన చేతులు, మన కాళ్లు, మన ముందుచూపు చేయాలి.

మన దుకాణాల్లో లవ్ బర్డ్స్ అని అమ్మే పిట్టల్లో ఎక్కువ భాగం బడ్జీలు. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఎండు భూములు. అక్కడ అవి వాన పడిన చోట్లు వెతుక్కుంటూ గుంపులుగా దేశమంతా తిరుగుతాయి. కాకటీళ్లూ, జీబ్రా ఫించులూ ఆ నేల పిట్టలే. వాన జాడ పట్టి ఎగరడమే బతుకుగా ఉన్న జాతిని తెచ్చి, బంగాళాఖాతం ఒడ్డున మూడో అంతస్తులో ఒక కొక్కేనికి తగిలించుకున్నాం. అందమైనవని, పిల్లలు ముచ్చటపడతారని, ఒంటరితనం పోతుందని తెచ్చుకున్నాం. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. మా ఇంట్లో తెల్లవారేది మా బడ్జీల కిచకిచలతోనే. అంత ప్రేమ ఉన్న ఇళ్లలో కూడా తుఫాను హెచ్చరిక వినగానే కొవ్వొత్తులు, పాలపొడి, బియ్యం గుర్తొచ్చినంత తొందరగా పంజరం గుర్తు రాదు. గుర్తొచ్చేసరికి గాలి మొదలవుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. మా వీధి చివరింటి మామ్మగారు ఒకసారి నన్ను అడిగింది. “ఏటి బాబూ, మనుషులకే దిక్కు లేక ఏడస్తంటే ఈ పిట్టల గొడవేటి నీకు?” ఆవిడ మాటలో కఠినత్వం లేదు, అనుభవం ఉంది. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. అలాంటి తీరంలో నిలబడి పిట్టల గురించి మాట్లాడుతుంటే ఎవరికైనా ఆ ప్రశ్న రావాల్సిందే.

నా జవాబు ఇది. మనిషిని కాపాడటం, మనిషి పెంచుకున్న ప్రాణిని కాపాడటం వేరు వేరు పనులు కావు. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు, పెంపుడు జంతువులను వదిలి రాలేక ఇళ్లలోనే ఉండిపోయినవాళ్లు చాలామంది. రక్షించడానికి వచ్చిన పడవల్లో, బస్సుల్లో జంతువులకు చోటు లేదంటే ఎక్కబోమని మొరాయించినవాళ్లూ ఉన్నారు. ఆ పాఠంతోనే 2006లో అమెరికాలో పెట్స్ చట్టం వచ్చింది. విపత్తు ప్రణాళికల్లో ఇళ్లలోని పెంపుడు జీవులకూ ఏర్పాట్లు ఉండాలని అది చెప్పింది. కుక్కా పిల్లితో పాటు పక్షి కూడా ఆ లెక్కలోకి వస్తుంది. మన తీరంలో ఈ సంగతి చట్టం రాకముందు నుంచే తెలుసు. గేదెను వదిలి రానని పాక దగ్గరే కూర్చున్న రైతును పునరావాస కేంద్రానికి తీసుకురావడం ఎంత కష్టమో ఏ రెవెన్యూ ఉద్యోగిని అడిగినా చెబుతాడు. పంజరం పట్టుకుని రావచ్చని ముందే తెలిసిన మనిషి, పిలవగానే గుమ్మం దాటి వస్తాడు.

పశువుల విషయంలో మనకొక పాత తెలివి ఉంది. ఉప్పెన వస్తుందంటే పలుపుతాళ్లు విప్పేయమంటారు. కట్టేసి ఉన్న ఆవు గుంజ దగ్గరే మునిగిపోతుంది, విప్పిన ఆవు ఈదుకుంటూ ఏ గట్టో ఎక్కుతుంది. ఈ తెలివినే పంజరానికి అన్వయించి, “పోనీ, దాని బతుకు అది బతుకుతుంది” అని తలుపు తెరిచేవాళ్లు ఉన్నారు. అది దయతో చేసే పనే, నాకు తెలుసు. కానీ ఆవుకు ఊరి దారి తెలుసు. మన దగ్గర పంజరంలోనే పుట్టిన బడ్జీకి ఆకాశం తెలియదు. ఎక్కడ గింజ దొరుకుతుందో, గద్ద నీడ ఎలా ఉంటుందో, కాకి గుంపు నుంచి ఎలా తప్పించుకోవాలో నేర్పే తల్లీతండ్రీ దానికి లేరు. గంటకు నూరు కిలోమీటర్ల గాలిలోకి 35 గ్రాముల ఒంటిని వదిలేస్తే దాన్ని విముక్తి అనలేం. తలుపు తెరవడం కాదు, పంజరంతో సహా తీసుకెళ్లడమే మన వంతు. నాటుకోళ్ల సంగతి వేరే. గంప కింద మూసిన కోడి నీళ్లొస్తే అందులోనే పోతుంది. దాన్ని ముందురోజే ఎత్తుకు చేర్చాలి. పావురాలను మాత్రం వాతావరణం పాడవుతుందని తెలిశాక ఎగరేయకూడదు. గూటికి తిరిగొచ్చే తెలివి ఎంత ఉన్నా తుఫాను గాలిలో రెక్క నిలవదు.

వాతావరణ శాఖ మనకు ఇచ్చే సమయం తక్కువేమీ కాదు. 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక వస్తాయి. నా ఉద్దేశంలో పంజరం గలవాళ్లు తొలి సూచనకే కదలాలి. డాబా మీద రేకుల కింద పెద్ద జాలీ పంజరాలు కట్టుకుని ఇరవై ముప్పై పిట్టలను పెంచేవాళ్లయితే మరీను. రేకు లేచిపోవడం మొదలయ్యాక డాబా ఎక్కడం పిట్టకే కాదు, మనిషికీ ప్రాణగండం. అన్ని పిట్టలను ఒక్కసారిగా పట్టుకోవాలంటే పొద్దు గుంకాక మసక చీకట్లో పట్టాలి. వెలుగులో అవి పంజరమంతా గుద్దుకుంటూ ఎగురుతాయి. మసకలో కర్ర మీదే ఒదిగి కూర్చుంటాయి.

పట్టే పద్ధతి గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే కంగారులో పిట్టలు చచ్చిపోయేది ఎక్కువగా ఇక్కడే. పక్షికి మనలా ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి ఊపిరాడుతుంది. ఎగిరిపోతుందేమోనన్న భయంతో గుప్పిట బిగిస్తే, కాళ్లూ రెక్కలూ బాగానే ఉంటాయి గానీ పిట్ట ఊపిరాగి పోతుంది. పలచని నూలు తువ్వాలు చేతికి చుట్టుకుని, మెడకు రెండు పక్కలా వేళ్లు ఆనించి, వీపును అరచేతిలోకి తీసుకోవాలి. రొమ్మును మాత్రం నొక్కకూడదు. ఇది తుఫాను రాత్రి నేర్చుకునే విద్య కాదు. ఎండ కాస్తున్న ఆదివారాల్లో, ఇంట్లో అందరూ స్థిమితంగా ఉన్నప్పుడు నేర్చుకోవాలి. పిట్టను వేలి మీదికి ఎక్కడం అలవాటు చేస్తే ఇంకా మేలు, అసలు పట్టాల్సిన పనే ఉండదు. ప్రయాణానికి వాడే చిన్న పంజరాన్ని కూడా అటక మీద దాచకుండా నెలకోసారి కిందికి దించి, లోపల కొర్ర కంకి ఒకటి కట్టి, తలుపు తెరిచి పెట్టాలి. కంకి కోసం దానంతటదే లోపలికి వెళ్లొచ్చే పిట్టకు, రేపు అవసరం పడ్డప్పుడు ఆ పంజరం పరాయి చోటులా ఉండదు. మా ఇంట్లో పిల్లలకు ఇది ఆటే అయిపోయింది. పిట్ట ఎప్పుడు వెళుతుందా అని తలుపు పక్కన ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

ఆ చిన్న పంజరంలో ఊయల ఉండకూడదు, మోటారు సైకిలు కుదుపుకు తగులుతుంది. నీళ్ల గిన్నె ఒలికి ఒళ్లంతా తడుస్తుంది కాబట్టి దారిలో కీరదోస ముక్క చాలు. బడ్జీలు గుడ్లు పెట్టడానికి కట్టిన మట్టి కుండలను ముందే విప్పి కింద పెట్టాలి. గాలికి కుండ ఊగి పగిలితే లోపలి పిల్లలు దక్కవు. వారానికి సరిపడా గింజలు గాలి చొరని డబ్బాలో, తాగే నీళ్లు విడిగా ఉంచుకోవాలి. ఆ పూట ఇంట్లో పులిహోర ఉందని పిట్టకు పెట్టకూడదు. ఉప్పు, నూనె దానికి పడవు. చిన్న పిట్టలు ఆకలికి ఆగలేవు. వాటి ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడి నిలవడానికి రోజంతా తింటూనే ఉండాలి. ఒక్క రోజు తిండి లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇంకో పని, పిట్టతో కలిసి మనం దిగిన ఫొటో ఒకటి కాగితం మీద అచ్చు వేయించి పెట్టుకోవడం. పదిమంది పంజరాలు ఒకే గదిలో చేరిన చోట, నీలం బడ్జీల్లో ఏది ఎవరిదో చెప్పడానికి రెక్క మీది చారలే సాక్ష్యం. ఫోను చార్జింగు అప్పటికి ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇప్పుడు గాలి సంగతి. పంజరాన్ని విసిరికొట్టే బయటి గాలి అందరికీ తెలిసిన ప్రమాదమే. ఇంట్లో మనం పుట్టించే గాలి కూడా పిట్టను చంపగలదు. తుఫాను రాత్రి మన ఇళ్లలో ఏం జరుగుతుందో తలుచుకోండి. తలుపులు, కిటికీలు బిగించేస్తాం. కరెంటు పోగానే కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఫ్యాను లేక దోమలు ముసిరితే దోమల బత్తి ముట్టిస్తాం. భయానికి దేవుడి ముందు కర్పూరం, అగరొత్తులు. కింద సెల్లారులో జనరేటరు. వంటింట్లో నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద పెట్టి చీకట్లో మరిచిపోతాం. ఇందులో ఏ ఒక్కటీ మనకు అంతగా హాని చేసినట్టు కనిపించదు. పక్షికి మాత్రం ఒక్కోటీ విషమే.

పక్షి ఊపిరితిత్తుల కట్టడమే వేరు. మన ఛాతీలో గాలి వచ్చిన దారినే తిరిగి పోతుంది. పక్షిలో తొమ్మిది దాకా గాలి సంచులుంటాయి. వాటి సాయంతో గాలి ఊపిరితిత్తుల్లో ఒకే దిక్కుకు సాగిపోతుంది. ఊపిరి తీసుకున్నప్పుడూ వదిలినప్పుడూ కూడా దానికి కొత్త గాలి అందుతూనే ఉంటుంది. అంత ఎత్తున రెక్కలాడించే శక్తి అక్కడి నుంచే వస్తుంది. అదే కట్టడం విషవాయువును కూడా మనకంటే ఎంతో వేగంగా రక్తంలోకి చేరుస్తుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో కార్మికులు కెనరీ పిట్టలను వెంట తీసుకెళ్లింది అందుకే. కార్బన్ మోనాక్సైడ్ చేరితే ముందు పిట్ట పడిపోయేది, మనుషులు బయటికి పరిగెత్తేవారు. ఆ పద్ధతి 1986 దాకా సాగింది. ఎంతమంది మనుషులను ఆ పిట్టలు బతికించాయో తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతుంది. జనరేటరు పొగలోనూ ఆ వాయువే ఉంటుంది. ఎక్కువ వేడెక్కిన నాన్‌స్టిక్ పూత నుంచి వచ్చే ఆవిరి అయితే వంటింటి పక్క గదిలోని పిట్టను నిమిషాల్లో చంపగలదు. పిట్టలున్న గదిలో బ్యాటరీ లైటు ఒక్కటే వెలగాలి. దోమలకు తెర వాడాలి. దేవుడి దీపం ఇంకో గదిలో పెట్టుకుంటే దేవుడేమీ అనుకోడు.

ఏ గదిలో ఉంచాలన్నదానికి హుద్‌హుద్ నేర్పిన పాఠం ఒకటుంది. ఆ మధ్యాహ్నం తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయిందనుకున్నారు జనం. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. అప్పటిదాకా చాటుగా ఉన్న గోడ గాలికి ఎదురైంది. కాబట్టి గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూసి పంజరాన్ని రెండో వైపు మార్చడం చాలదు. కిటికీ లేని నడవ, ఇంటి మధ్యలో ఉండే గది, మెట్ల కింది చోటు, ఇలా ఏ దిక్కుకూ బయటి గోడ లేని చోటు చూడాలి. పంజరాన్ని వేలాడదీయకుండా నేల కంటే కొంచెం ఎత్తులో బల్ల మీద ఆనించి, మూడు వైపులా దుప్పటి కప్పి, మన వైపు తెరిచి ఉంచాలి. పూర్తిగా కప్పేస్తే గాలాడదు. పైగా బయట ఏం జరుగుతోందో తెలియక పిట్ట ఇంకా బెదురుతుంది.

కాకటీళ్లు పెంచేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది చీకటి భయం. రాత్రివేళ ఒక్క చప్పుడుకు అవి ఉలిక్కిపడి పంజరం చువ్వలకు కొట్టుకుంటాయి. కొత్తగా వస్తున్న ఈకల్లో నెత్తురు ఉంటుంది. అలాంటి ఈక విరిగితే కారుతూనే ఉంటుంది. మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టాలి. రాత్రంతా ఒక చిన్న లైటు వెలుగుతూ ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. అంతకంటే పెద్ద మందు మన గొంతు. రేకులు ఎగిరే చప్పుడు మధ్య రోజూ వినే గొంతు పక్కనే వినిపిస్తుంటే పిట్ట ఈకలు సర్దుకుని కూర్చుంటుంది. అది ఈకలు ఉబ్బించి, నోరు తెరిచి, ప్రతి ఊపిరికీ తోక ఆడిస్తుంటే మాత్రం దానికి ఊపిరి కష్టమవుతోందని అర్థం. చోటు మార్చి మంచి గాలి అందేలా చూడాలి, వైద్యుడి దగ్గరికి దారి వెతకాలి. మన పట్టణాల్లో పక్షుల వైద్యం తెలిసినవాళ్లు తక్కువ. ఎవరు, ఎక్కడ అన్నది మామూలు రోజుల్లోనే కనుక్కుని గోడ మీద రాసుకోవాలి.

తుఫాను పోయాక కూడా పిట్ట గండం పూర్తిగా గడవదు. తడిసిన గింజలను ఎండబెట్టి పెడదామనిపిస్తుంది, పారేయడమే మంచిది. తడి గింజల్లో పుట్టే బూజు పక్షి ఊపిరితిత్తుల్లో నాటుకుంటే వైద్యం చాలా కష్టం. వీధుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు ఘాటు కూడా పక్షికి పడదు. అది చల్లిన రోజు పంజరాన్ని బయటికి తీయకూడదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. పట్టుబడతామన్న భయంతో ఆ ఇళ్లవాళ్లు తుఫానప్పుడు పంజరాన్ని నలుగురిలోకి తేలేరు, సాయం అడగలేరు. అలా దాచిన చిలుక దాచిన చోటే ఉండిపోతుంది. వాటిని మామూలు రోజుల్లోనే అటవీ శాఖకు అప్పగించడం న్యాయం. పెంచుకోదగ్గవి పెంచుకుందాం, పెంచుకున్నవాటిని వెంట తీసుకెళ్లగలిగేలా బతుకుదాం.

అందుకు అధికారుల వైపు నుంచి కావాల్సింది పెద్ద ఖర్చు కాదు. పునరావాస కేంద్రంగా వాడే బడిలో పొయ్యికి దూరంగా, కుక్కా పిల్లీ చేరని ఒక గది చాలు, పంజరాలు పెట్టుకోవడానికి. అపార్టుమెంటు సంఘాలు జనరేటరు పొగ ఎటు పోతుందో చూసుకుంటే చాలు. ఆటోలో మైకు పెట్టి పశువుల తాళ్లు విప్పమని చెప్పే చోటే, పంజరాలు లోపలికి తెచ్చుకోండి, కేంద్రానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి అన్న మాట ఒకటి చేర్చమని మా వార్డు సచివాలయంలో అడిగాను, ఇంకా అడుగుతూనే ఉంటాను. ఆ మాట చెవిన పడగానే లేచి పంజరం అందుకునేవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు, మామ్మగారి మనవరాలితో సహా.